తాగుడు మాన్పించే సెంటర్‌లో కౌన్సెలర్‌గా చేరాను, ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది?

మానేరు_తీరం
సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్తే. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయ్యాక హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్‌గా చేరాను. చేరిన రోజే చేతిలో ఫైళ్ళు పెట్టి "నువ్వు చదివింది అదేగా, మొదలుపెట్టు" అన్నారు. చదివిన మాట నిజమే. రెండేళ్ళ కోర్సులో వ్యసనాల గురించి ఉన్నది ఒక్క చాప్టర్, అది కూడా పరీక్షకి రాదని సీనియర్లు చెబితే వదిలేసినది.

ఇక్కడ ఎక్కువమంది మందు కేసులే. గంజాయి అలవాటైన కాలేజీ కుర్రాళ్ళు కొందరు, నిజామాబాద్ వైపు నుంచి కల్లుతో వచ్చినవాళ్ళు కొందరు. మా సీనియర్ పద్ధతి ఏంటంటే పేషెంట్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, భార్యని, పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి ఏడిపించడం. "చూడు, నీవల్ల వీళ్ళ బతుకు ఎలా అయిందో" అంటారు. పేషెంట్ కూడా ఏడుస్తాడు, ఇక ముట్టనని పిల్లల మీద ఒట్టు పెడతాడు. డిశ్చార్జ్ అయి వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ వస్తున్నారు. ఆ ఒట్లకి లెక్కే లేదు.

నా ప్రశ్న సూటిగా: నాలాంటివాళ్ళకి పనికొచ్చే ట్రైనింగ్ ఏది? ఆన్‌లైన్ సర్టిఫికెట్లు బోలెడు కనిపిస్తున్నాయి. డబ్బులు పెట్టాలా? క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేస్తే తప్ప కుదరదా?

డ్యూటీ_నర్స్
సోమవారం, రాత్రి 11:15

తమ్ముడూ, కౌన్సెలింగ్ సంగతి తర్వాత. ముందు విత్‌డ్రాయల్ నేర్చుకో, అంటే తాగుడు ఆపేస్తే ఒంట్లో వచ్చే ఇబ్బందులు. మాటలతో మనిషిని మార్చేలోపు ఆ మనిషి బతికి ఉండాలి కదా.

నేను గవర్నమెంటు ఆసుపత్రి మెడికల్ వార్డులో చాలా ఏళ్ళుగా చేస్తున్నా. అడ్మిషన్ అప్పుడు మొదటి ప్రశ్న "ఎన్నేళ్ళుగా తాగుతున్నావు" కాదు, "ఆఖరిసారి ఎప్పుడు తాగావు" అన్నది. రోజో, పూటో కాదు, గంట కావాలి. ఎందుకంటే గడియారం అక్కడి నుంచి మొదలవుతుంది. రోజూ గట్టిగా తాగే మనిషి ఆపేస్తే ఆరేడు గంటల్లో వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. అసలు ప్రమాదం రెండో రోజు దాటాక, నాలుగో రోజు లోపల. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, మేము డీటీ అంటాం. మొదటి సాయంత్రం బుద్ధిగా ఇడ్లీ తిని పడుకున్నవాడే మూడో రోజు రాత్రి దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతుంటాడు. సీలింగ్‌లో ఎవరో ఉన్నారంటాడు. ఎక్కడున్నావయ్యా అంటే మా మేనమామ ఇల్లు అంటాడు. ఒళ్ళు కాలిపోతుంటుంది. ఇది పిచ్చి కాదు, నటన అసలే కాదు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

చేతుల వణుకు పైకి తెలియకపోతే రెండు చేతులూ ముందుకు చాపమని, వేళ్ళు విడదీయమని చెప్పు. అరచెయ్యి కిందికి ఉండేలా పెట్టించి పైన ఒక తెల్ల కాగితం పెట్టు. కంటికి ఆనని వణుకు కాగితం అంచు దగ్గర కనిపిస్తుంది. వణుకు లేదని బుకాయించేవాడు కూడా ఆ కాగితాన్ని చూసి నవ్వేస్తాడు.

ఇంకోటి. నీరసంగా ఉన్నాడని వచ్చీ రాగానే గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేస్తారు. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో బీ1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. ముందు థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. చూపు, నడక, జ్ఞాపకం మూడూ తేడా వస్తాయి. మీ సెంటర్‌లో రాత్రిపూట డాక్టర్ ఉంటారా? అది ముందు చెప్పు.

మానేరు_తీరం
సోమవారం, రాత్రి 11:31

అక్కా, రాత్రి డాక్టర్ ఉండరు. ఫోన్‌లో దొరుకుతారు. రాత్రిపూట ఇద్దరు వార్డ్ బాయ్స్ ఉంటారు, అంతే. ఎవరైనా గొడవ చేస్తే గదిలో పెట్టి గడియ పెడతారు.

డ్యూటీ_నర్స్
సోమవారం, రాత్రి 11:34

అయితే ట్రైనింగ్ అవసరం నీకంటే ముందు ఆ ఇద్దరు వార్డ్ బాయ్స్‌కి ఉంది.

సైకియాట్రీ_పీజీ
మంగళవారం, ఉదయం 6:40

నర్స్ మేడమ్ చెప్పినవి మా పీజీలకి కూడా మొదటి వారం ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు. రెండు చేర్పులు. ఒకటి, షుగర్ బాగా పడిపోయి ఉంటే థయామిన్ కోసం గ్లూకోజ్ ఆపకూడదు, రెండూ వెంటవెంటనే వెళ్ళాలి. రెండు, విత్‌డ్రాయల్ తీవ్రతని అంచనా వేయడానికి సీఐడబ్ల్యూఏ అనే స్కేలు ఉంది. వణుకు, చెమట, ఆందోళన, భ్రమలు లాంటి 10 అంశాలకి మార్కులు వేస్తాం, మొత్తం 67. నర్సులు, కౌన్సెలర్లు కూడా నేర్చుకుని వేయవచ్చు. మార్కులు పెరుగుతుంటే డాక్టర్ మాత్రల డోసు పెంచుతారు. మామూలుగా క్లోర్‌డయాజిపాక్సైడ్ ఇస్తాం, కామెర్లు ఉండి లివర్ దెబ్బతిన్నవాళ్ళకి లోరాజెపామ్ వైపు వెళతాం. ఈ మాత్రలు డాక్టర్ రాయాల్సిందే. ఫోరమ్‌లో చదివి ఎవరూ ఇంట్లో మొదలుపెట్టవద్దు.

ఇక కోర్సుల సంగతి. డాక్టర్లకైతే ఎండీ సైకియాట్రీ తర్వాత అడిక్షన్ సైకియాట్రీలో, అంటే వ్యసనాల వైద్యంలో, డీఎం అనే పై కోర్సు ఉంది. ఎయిమ్స్, నిమ్హాన్స్ లాంటి కొద్ది చోట్లే, సీట్లు వేళ్ళమీద లెక్కపెట్టాలి. మీకు అది సంబంధం లేదు. మీకు పనికొచ్చేవి ఇవి:

బెంగళూరు నిమ్హాన్స్‌లో సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. వాళ్ళు ఆన్‌లైన్‌లో కేసులు చర్చించే పద్ధతిలో ట్రైనింగ్ ఇస్తారు. మీరు మీ పేషెంట్ కథ చెబుతారు, అవతల టీమ్ ఏం చేయాలో మాట్లాడుతుంది. ఘజియాబాద్‌లోని ఎయిమ్స్ వారి వ్యసన చికిత్స జాతీయ కేంద్రం డాక్టర్లకి, పారామెడికల్ వాళ్ళకి ట్రైనింగ్ ఇస్తుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో నడిచే పునరావాస కేంద్రాల సిబ్బందికైతే ఢిల్లీలోని ఎన్ఐఎస్‌డీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్) తరఫున శిక్షణ ఉంటుంది. ప్రైవేటు సెంటర్ అంటున్నారు కాబట్టి అందులోకి మీరు వస్తారో లేదో కనుక్కోండి.

చెన్నైలో టీటీ రంగనాథన్ ఫౌండేషన్ ఉంది. శాంతి రంగనాథన్ గారు భర్తని తాగుడుకి పోగొట్టుకున్నాక 1980లో పెట్టిన సంస్థ అది. 1992లో ఆవిడకి పద్మశ్రీ వచ్చింది. దక్షిణాదిలో పాతతరం కౌన్సెలర్లలో చాలామంది అక్కడ నేర్చుకున్నవాళ్ళే. అంతర్జాతీయ సర్టిఫికెట్ కావాలంటే కొలంబో ప్లాన్ అనే అంతర్‌ప్రభుత్వ సంస్థ వాళ్ళది ఉంది. యూనివర్సల్ ట్రీట్‌మెంట్ కరికులమ్ అనే పాఠ్యక్రమం చదివి, పని అనుభవం చూపించి, పరీక్ష రాయాలి. ఉద్యోగానికి ఉపయోగమే, కానీ మొదటి ఏడాదే దానికి పరిగెత్తనక్కర్లేదు.

ఎంఫిల్ తప్పనిసరి కాదు. స్పెషలిస్టులతోనే వైద్యం చేయాలంటే ఈ దేశానికి ఎప్పటికీ సరిపోము. కేంద్రం ఎయిమ్స్ చేత చేయించిన సర్వే 2019లో బయటికొచ్చింది. మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స అందుకున్నామని చెప్పారు. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవాళ్ళు 180 మందికి ఒక్కరు.

నీళ్ళబాటిల్
మంగళవారం, మధ్యాహ్నం 1:20

పెద్దలందరూ కోర్సుల పేర్లు చెప్పారు కాబట్టి నేను వేరేది చెబుతా. నేను తాగి, పోగొట్టుకుని, మానినవాణ్ణి. మానింది ఏ డిగ్రీ ఉన్నవాళ్ళ వల్లా కాదు, ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల వల్ల, అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళే కలిసి నడుపుకునేవి.

నా మొదటి కౌన్సెలింగ్ గుర్తుంది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి రంగు రంగుల లివర్ బొమ్మ చూపించి, ఇది మంచి లివర్, ఇది మీది అంది. స్కాన్ కూడా తీయలేదింకా! నాకు నిజంగానే భయం వేసింది. బయటికొచ్చి ఆ టెన్షన్‌కి ఒక క్వార్టర్ వేశా. భయం తాగుబోతుకి కొత్త కాదమ్మా, రోజూ తెల్లవారుజామున 4 గంటలకి భయంతోనే లేస్తాడు. ఇంకొంచెం భయం పెడితే ఇంకొంచెం తాగుతాడు.

ఆ 4 గంటల భయం ఏంటో తెలిసినవాడు చెబితే వింటారు. పుస్తకం చదివినవాడు చెబితే తలాడిస్తారు. నన్నడిగితే సెంటర్లన్నిటిలో మానినవాళ్ళనే పెట్టాలి.

వింటున్నా_చెప్పండి
మంగళవారం, సాయంత్రం 5:05

నీళ్ళబాటిల్ గారూ, లివర్ బొమ్మ గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. చివరి వాక్యంతోనే నాకు పేచీ.

నేను సైకాలజిస్టుని, బెంగళూరులో పని. విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1983లో ఒక వ్యాసం రాశారు. తాగేవాళ్ళు మొండివాళ్ళు, అబద్ధాలకోరులు, వాళ్ళని నిలదీస్తే తప్ప మారరు అన్నది అప్పటి నమ్మకం. మిల్లర్ దాన్ని తిరగేశారు. నిలదీసేకొద్దీ మొండితనం పెరుగుతుంది, ఆ మొండితనంలో కౌన్సెలర్ వాటా కూడా ఉంది అన్నారు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి ఆ పద్ధతిని పెంచారు. దాన్నే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. పేరు పెద్దది, పని చిన్నది: మానాలన్న మాట కౌన్సెలర్ నోటి నుంచి కాకుండా పేషెంట్ నోటి నుంచి రావాలి.

మానేరు గారూ, మీకోసం ఒక ముక్క రాస్తాను. మా ట్రైనింగులో తరచూ చేయించేది ఇదే.

పేషెంట్: "మా ఆఫీసులో అందరూ తాగుతారు సార్. నేనొక్కణ్ణే తాగుబోతునా?"

మామూలుగా మనం అనేది: "అందరి సంగతి నీకెందుకు? నీ ఇంటి పరిస్థితి చూసుకో." అంతే, తలుపు మూసుకుపోయింది. ఇక ఆయన పని వాదించడమే.

ఇంకో దారి: "మిమ్మల్ని మాత్రమే ఇక్కడికి తీసుకొచ్చారని కోపంగా ఉంది." అని ఆగండి. ప్రశ్న వేయకండి. గదిలో కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు, భరించండి. పదిలో ఏడుసార్లు ఆయనే అంటాడు: "కోపం కాదు సార్... వాళ్ళు ఆదివారం తాగుతారు, నాకు పొద్దున్నే కావాలి." చూశారా? మీరు పీకి లాగాలనుకున్నది ఆయనే తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఇప్పుడు అడగండి, "పొద్దున్నే కావాల్సి రావడం మీకెలా ఉంది?" అని.

ఇది చదివితే తేలిక. చేయడానికి కూర్చుంటే సలహా నాలుక చివరి దాకా వచ్చేస్తుంది. మనవాళ్ళకి మరీను, ఎదురుగా బాధపడే మనిషి ఉంటే నాలుగు మంచి మాటలు చెప్పకపోతే పాపమన్నట్టు ఉంటుంది. అందుకే ఇది వీడియోలు చూస్తే రాదు. ఈత పుస్తకం చదివి చెరువులో దూకినట్టు ఉంటుంది.

నీళ్ళబాటిల్ గారి మాటకి వస్తే, మానినవాళ్ళు టీమ్‌లో ఉండాలి, అందులో సందేహం లేదు. కానీ మీరు ఏ దారిలో మానారో అదొక్కటే దారి అని పేషెంట్ మీద రుద్దే ప్రమాదం మీకే ఎక్కువ. మాత్ర వేసుకునేవాణ్ణి "నువ్వింకా పూర్తిగా మానలేదు" అని దెప్పే మాజీలని నేను చూశాను. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలు తాగాలన్న కోరికని తగ్గించేవి, అవి మత్తు కాదు. ఇది ఎవరో ఒకరు నేర్పాలి, అనుభవంలో దొరకదు.

నీళ్ళబాటిల్
మంగళవారం, సాయంత్రం 5:48

దెప్పేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరో కూడా రాయండి సార్. డిగ్రీ ఉన్నవాళ్ళ ఫోన్లు 6 తర్వాత మోగవు.

వింటున్నా_చెప్పండి
మంగళవారం, సాయంత్రం 6:30

అది ఒప్పుకోక తప్పదు.

అసలు ఎవరికి నేర్పితే వస్తుంది అన్నదానికి గోవాలో పరీక్ష జరిగింది. 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, హానికరంగా తాగే మగవాళ్ళకి కౌన్సెలింగ్ ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు సైకాలజిస్టులు కాదు, ఈ రంగంలో ముందు ఏ శిక్షణా లేని స్థానికులు. వాళ్ళకి నేర్పి, ఒక్కో పేషెంట్‌తో గరిష్ఠంగా నాలుగు సిట్టింగులు చేయించారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకి ప్రమాద స్థాయి నుంచి బయటపడినవాళ్ళు కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళలో 36 శాతం, తీసుకోనివాళ్ళలో 26 శాతం. అద్భుతం కాదు, కానీ నాలుగు సిట్టింగులకి చాలా మంచి ఫలితం.

అందరూ ఈ అంకెలే చెబుతారు. నాకు నచ్చింది వేరేది. ట్రైనింగ్ అయిపోయాక వాళ్ళని గాలికి వదిలేయలేదు. పేషెంట్ అనుమతితో సిట్టింగులు రికార్డు చేసి, కౌన్సెలర్లే గుంపుగా కూర్చుని ఒకరిది ఒకరు విని మార్కులు వేసుకునేవాళ్ళు. మన దగ్గర రెండు రోజుల వర్క్‌షాప్, బిర్యానీ, గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్. ఆ తర్వాత ఆ మనిషి గదిలో ఏం మాట్లాడుతున్నాడో ఎవరూ వినరు. మానేరు గారూ, కోర్సు ఎంచుకునేటప్పుడు అడగాల్సింది ఒక్కటే: నా సిట్టింగ్ ఎవరైనా విని తప్పులు చెబుతారా?

ఇంటావిడ
మంగళవారం, రాత్రి 10:10

ఇన్ని రోజులూ చదవడమే, ఎప్పుడూ రాయలేదు. మీరంతా పేషెంట్ గురించి మాట్లాడుతున్నారు. ఇంట్లోవాళ్ళకి ఎవరు నేర్పుతారు?

ఒక మెడికల్ షాపులో అబ్బాయి మాత్రలు ఇచ్చి "సాంబార్లో పొడి చేసి కలపండి, ఆయనే మానేస్తాడు" అన్నాడు. కలిపాను. మా ఆయన ఆ రాత్రి తాగొచ్చాడు. ముఖం ఎర్రగా కందిపోయి, గుండె దడ, ఆగని వాంతులు. ఆసుపత్రికి తీసుకెళ్ళాక డాక్టరు నన్ను అందరి ముందూ తిట్టాడు. నిజమే, తిట్టాలి. కానీ షాపులో అబ్బాయిని ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత చేర్పించిన సెంటర్‌లో మూడు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు. నెల దాకా ఫోన్ మాట్లాడనివ్వలేదు. అది వాళ్ళ రూలట. మా ఆయన అక్కడి విషయాలు ఇప్పటికీ చెప్పడు.

సైకియాట్రీ_పీజీ
బుధవారం, ఉదయం 7:15

మేడమ్, ఆ మాత్ర డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. తాగిన ఆల్కహాల్ శరీరంలో విరిగే దారిలో అడ్డుపడి విషపదార్థం పేరుకునేలా చేస్తుంది. అందుకే ఆ ఎరుపు, దడ, వాంతులు. బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. పేషెంట్‌కి పూర్తిగా తెలిసి, ఒప్పుకుని, ఆఖరిసారి తాగి కనీసం 12 గంటలు దాటాక మాత్రమే ఇవ్వాలి. ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల వరకు ప్రభావం ఉంటుంది. మీ చేతికి ఆ మాత్ర ఇచ్చిన వ్యవస్థలో తప్పుంది, మీలో కాదు.

ఫోన్ ఇవ్వకపోవడం సంగతి మానేరు గారు కూడా వినాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితులకీ వర్తిస్తుంది. సెంటర్ రిజిస్టర్ అయి ఉండాలి. గొలుసులతో కట్టడం ఏ రూపంలోనైనా నిషేధం. ఇంట్లోవాళ్ళతో ఫోన్లో మాట్లాడటం పేషెంట్ హక్కు. ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే పేషెంట్ తరఫున చట్టం గుర్తించే ప్రతినిధి, దరఖాస్తు కావాలి. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు. అది కూడా మొదట 30 రోజుల వరకే. అడ్వాన్స్ కట్టారు కాబట్టి మూడు నెలలు లోపలే ఉండాలనడానికి చట్టంలో చోటు లేదు. ఇవి స్టాఫ్‌కి మొదటి రోజే చెప్పాల్సిన విషయాలు.

పాలమూరు_పీహెచ్‌సీ
బుధవారం, మధ్యాహ్నం 2:30

మెడికల్ ఆఫీసర్‌ని. థ్రెడ్ అంతా మందు చుట్టూనే తిరుగుతోంది. మా వైపు కల్లు గురించి రాయకపోతే ఈ చర్చ సగమే.

కాంపౌండ్లలో అమ్మే కల్లులో ఎక్కువ భాగం చెట్టు కల్లు కాదు. అందులో ఆల్ప్రాజోలమ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతున్నారని ఏళ్ళుగా పట్టుబడుతూనే ఉంది. అంటే మా పేషెంట్లు అలవాటు పడింది కల్లుకి కాదు, నిద్రమాత్రలకి. ఎంత కలుపుతారో కొలత ఉండదు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకి జనం ఫిట్స్‌తో, అయోమయంతో వచ్చారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో దుకాణాలన్నీ ఒక్కసారిగా మూతపడితే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఓపీ కిటకిటలాడింది. రెండుసార్లూ ఊళ్ళో మొదట చూసింది ఎవరు? ఆశా వర్కరు, ఏఎన్ఎం, మాలాంటివాళ్ళం. ఎంబీబీఎస్‌లో మాకు సైకియాట్రీ పోస్టింగ్ అంటే రెండు వారాల సెలవు లాంటిది. ఆల్ప్రాజోలమ్ విత్‌డ్రాయల్ ఎలా ఉంటుందో పుస్తకంలో చూడలేదు, పేషెంట్ల దగ్గరే చూశాం.

వేరుగా నేర్పాల్సినవి ఉన్నాయి. మందు విత్‌డ్రాయల్‌కి వారం పది రోజుల్లో మాత్రలు తగ్గించి ఆపేయవచ్చు. కల్తీ కల్లు కేసుల్లో అలా చేస్తే ఇంటికెళ్ళాక ఫిట్స్ వస్తాయి. వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. ఇంకోటి, ఇందులో ఆడవాళ్ళు చాలామంది ఉంటారు. బీడీలు చుట్టే అమ్మలు, కూలికెళ్ళే అవ్వలు. "మందు తాగుతావా" అంటే లేదనే చెబుతారు, నిజమే చెబుతున్నారు కూడా. "పొద్దుగూకినంక కల్లు ఎన్ని సీసాలు?" అనాలి. అప్పుడు "రెండే సార్, నిద్ర పట్టదని" అంటుంది. అప్పటిదాకా ఆ సంగతి కేస్ షీట్‌లో ఎక్కడా ఉండదు.

తుంటి ఎముక విరిగి ఆర్థో వార్డులో చేరిన అవ్వ మూడో రోజు సూదులు పీకేసి, మంచం దిగి పొలానికి పోతానంటుంది. ఆపరేషన్ వికటించిందని ఇంట్లోవాళ్ళు గొడవ, అవ్వకి పిచ్చి అని వార్డులో వాళ్ళు. కల్లు గురించి ఒక్కరూ అడిగి ఉండరు. కాబట్టి ఈ ట్రైనింగ్ సైకియాట్రీ వాళ్ళకి ఎంత కావాలో ఎముకల డాక్టరుకి, ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే డాక్టరుకి అంతే కావాలి. వాళ్ళని ఆ క్లాసుకి రప్పించేదెవరు అని మాత్రం నన్నడగకండి.

ఒహాయో_తెలుగోడు
బుధవారం, రాత్రి 8:55

ఇక్కడ అమెరికాలో రప్పించారు సార్, చట్టం పెట్టి. నేను ఇంటర్నల్ మెడిసిన్. మా రాష్ట్రంలో ఫెంటానిల్‌తో, అంటే ఓపియాయిడ్ల (నల్లమందు జాతి మత్తుమందుల) రకం ఒకటి, దాంతో పోయినవాళ్ళు లేని ఊరు లేదు. బూప్రెనార్ఫిన్ అనే మాత్ర ఓపియాయిడ్ అలవాటుకి బాగా పనిచేస్తుంది. కానీ 2000 సంవత్సరం చట్టం ప్రకారం అది రాయాలంటే డాక్టరు 8 గంటల ట్రైనింగ్ చేసి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. నొప్పికి ఓపియాయిడ్ రాయడానికి అంత పని లేదు, దాని నుంచి బయట పడేసే మాత్రకి మాత్రం అనుమతి! 2022 డిసెంబరులో ఆ అనుమతి ఎత్తేశారు. దానికి బదులు 2023 జూన్ నుంచి, నియంత్రిత మందులు రాసే లైసెన్సు తీసుకునే డాక్టర్లందరూ ఒకసారి 8 గంటలు వ్యసనాల మీద శిక్షణ చేశామని చెప్పాలి. పశువుల డాక్టర్లకి మినహాయింపు.

ఫలితం? రాసే డాక్టర్లు పెరిగారు, మాత్ర అందుకునే పేషెంట్లు ఆ లెక్కన పెరగలేదు. చాలామంది ఆ 8 గంటలూ అర్ధరాత్రి ల్యాప్‌టాప్ ముందు స్లైడ్లు నొక్కుతూ కానిచ్చారు. వింటున్నా గారు చెప్పిన "నా సిట్టింగ్ ఎవరైనా వింటారా" అన్నది ఇక్కడా లేదు. తప్పనిసరి చేస్తే హాజరు వస్తుంది, అంతవరకే.

డ్యూటీ_నర్స్
బుధవారం, రాత్రి 9:20

మాకు ఆ హాజరు కూడా లేదు డాక్టర్ గారూ. ట్రైనింగ్‌కి ఎవర్ని పంపాలంటే ఆ రోజు డ్యూటీ లేనివాళ్ళని పంపుతారు. నేర్చుకొచ్చిన పిల్ల తర్వాతి నెల కంటి వార్డులో ఉంటుంది.

మానేరు_తీరం
గురువారం, రాత్రి 10:05

అందరికీ థ్యాంక్స్. ఈరోజు ఒక పని చేశా. అడ్మిషన్ ఫారంలో "ఆఖరిసారి తాగిన సమయం" అని ఒక గడి, "కల్లు: రోజుకి ఎన్ని సీసాలు" అని ఇంకో గడి పెన్నుతో గీసి జిరాక్స్ తీయించా. మా మేనేజర్ చూసి ఇదెందుకన్నారు. పేషెంట్ ఫిట్స్‌తో పోతే కేసు మన మీదకొస్తుంది సార్ అన్నా. వెంటనే ఓకే అన్నారు. ఆరోగ్యం గురించి చెప్పి ఉంటే ఇంకా ఆలోచిస్తూ ఉండేవారేమో.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకి ఉందో లేదో కూడా చూశా. ఉంది. గది గడియ గురించి ఇంకా అడగలేదు, అడగాలి.

ఇంకో డౌటు. గంజాయి కుర్రాళ్ళు నోరు విప్పరు. పోలీసులకి చెబుతామని వాళ్ళ భయం. నాకూ తెలీదు, చెప్పాలా?

సైకియాట్రీ_పీజీ
గురువారం, రాత్రి 10:50

చెప్పకూడదు. పేషెంట్ విషయాలు గోప్యంగా ఉంచాలని చట్టమే అంటోంది. గంజాయి వాడినందుకు ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టంలో ఆరు నెలల వరకు జైలు ఉన్న మాట నిజం. అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ కూడా ఉంది. వాడిన కేసులోనో, కొద్ది పరిమాణం కేసులోనో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న సంస్థలోనో చికిత్సకి ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స పూర్తి చేయాలి, మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కుర్రాళ్ళకి మొదటి సిట్టింగ్‌లోనే ఇది చెప్పండి.

గంజాయికి ప్రత్యేకంగా మాత్ర లేదు, మాటలే వైద్యం. అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకి చూపించండి.

వింటున్నా_చెప్పండి
గురువారం, రాత్రి 11:10

మానేరు గారూ, నిమ్హాన్స్ వాళ్ళ ఆన్‌లైన్ సెషన్లకి అప్లై చేయండి. ఒక్కటే ఇబ్బంది, చర్చ ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. మీరు మాట్లాడాల్సింది తెలుగులో కదా. ఇంగ్లీషులో చక్కగా వచ్చిన వాక్యం తెలుగులోకి వచ్చేసరికి ఉపన్యాసం అయిపోతుంది. దానికి తెలుగులోనే ప్రాక్టీస్ చేయాలి. ఆసక్తి ఉన్నవాళ్ళం ఆదివారం సాయంత్రం గంటసేపు కలుద్దామా? ఒకరు పేషెంట్, ఒకరు కౌన్సెలర్, మిగతావాళ్ళం విని మార్కులు వేద్దాం. అసలు పేషెంట్ల వివరాలు మాత్రం ఎవరూ తేవద్దు.

పాలమూరు_పీహెచ్‌సీ
శుక్రవారం, ఉదయం 8:00

నేను రెడీ. మా ఏఎన్ఎం ఇద్దర్ని కూడా కూర్చోబెడతా. 5 తర్వాత పెట్టండి, ఆదివారం కూడా మాకు క్యాంపులుంటాయి.

ఇంటావిడ
శుక్రవారం, ఉదయం 11:40

ఇంట్లోవాళ్ళు రావచ్చా?

వింటున్నా_చెప్పండి
శుక్రవారం, ఉదయం 11:52

తప్పకుండా రండి మేడమ్. భార్యతో ఎలా మాట్లాడాలన్నది రెండో సిట్టింగ్‌కి పెట్టుకుందాం. అప్పుడు మార్కులు మీరు వేయాలి.

నీళ్ళబాటిల్
శుక్రవారం, మధ్యాహ్నం 1:05

పేషెంట్ వేషం నేనేస్తా. అబద్ధాలు నా అంత బాగా మీలో ఎవరికీ రావు. మానేరు బాబూ, నువ్వు కౌన్సెలర్. లివర్ బొమ్మ తీశావంటే ఫోన్ కట్ చేస్తా.

మానేరు_తీరం
శుక్రవారం, మధ్యాహ్నం 1:12

బొమ్మ తేను సార్. 5:30కి ఓకేనా అందరికీ?